మెడ రక్తనాళం చీలితే: మెదడు నాళాల ఉబ్బుకు స్టెంట్, కాయిల్ వైద్యం, తర్వాత ఇంట్లో జాగ్రత్తలు

మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని లోపలి పొరలో చీలిక వచ్చి, ఆ చీలికలోకి రక్తం దూరి, నాళం గోడ ఒక పక్కకు ఉబ్బితే దాన్ని డాక్టర్లు డిసెక్టింగ్ అన్యూరిజం అంటారు. మన వైపు రక్తనాళాన్నీ నరాన్నీ కలిపి ‘నరం’ అనేయడం అలవాటు. అందుకే ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు ‘మెడలో నరం చీలిందంట’ అని చెబుతారు. విన్నవాళ్లు అదేదో నరాల బలహీనత అనుకుని బీ కాంప్లెక్స్ బిళ్లలు, నూనె మర్దన సలహా ఇస్తారు. ఇది ఆ జబ్బు కాదు. ఈ జబ్బున్న మనిషికి మెడ మర్దన చేయడం అన్నిటికన్నా ప్రమాదం.

మెదడు బరువు ఒంట్లో నూటికి రెండు పాళ్లే. గుండె పంపే రక్తంలో మాత్రం 15 నుంచి 20 శాతం దానికే కావాలి. ఆ రక్తమంతా నాలుగు ధమనుల్లో వెళుతుంది. మెడ ముందు భాగంలో అటొకటి ఇటొకటి కెరోటిడ్ ధమనులు, వెనక వెన్నుపూసల రంధ్రాల్లోంచి పైకి ఎక్కే రెండు వెర్టిబ్రల్ ధమనులు. ధమని గోడకు మూడు పొరలుంటాయి. లోపలి పొర చిరిగి రక్తం గోడలో చేరినప్పుడు రెండు రకాల నష్టం జరగొచ్చు. రక్తం లోపలి వైపుకు నొక్కితే దారి ఇరుకై, అక్కడ గడ్డ కట్టి, ఆ గడ్డ ముక్క పైకి కొట్టుకుపోయి పక్షవాతం వస్తుంది. బయటి వైపుకు నెడితే నాళం పక్కకు ఉబ్బుతుంది. కొందరిలో రెండూ ఒకేసారి ఉంటాయి.

ఈ జబ్బు అరుదైనదే. మెడ ధమనుల చీలిక ఏడాదికి లక్ష మందిలో ఇద్దరు ముగ్గురికి వస్తుందని పాశ్చాత్య దేశాల లెక్కలు. మొత్తం పక్షవాతం కేసుల్లో దీని వాటా రెండు శాతం దగ్గరే ఉంటుంది. కానీ 50 ఏళ్ల లోపువాళ్లకు వచ్చే పక్షవాతంలో ఇది ముఖ్యమైన కారణాల్లో ఒకటి. రోగుల సగటు వయసు 45 దగ్గర ఉంటుంది. అంటే సంపాదించే వయసు, పిల్లల చదువులు నడుస్తున్న వయసు. షుగర్, బీపీ లేని మనిషికి పక్షవాతం ఎలా వచ్చిందని ఇంట్లోవాళ్లు నమ్మలేకపోయే కేసుల్లో ఇలాంటివి ఉంటాయి.

ఎందుకు చీలుతుంది

బండి మీంచి పడటం, కారు ప్రమాదంలో మెడ ఒక్కసారిగా ముందుకూ వెనక్కూ ఊగడం వంటి పెద్ద దెబ్బలు కొందరిలో కారణం. చాలామందిలో కారణం చిన్నదిగానే కనిపిస్తుంది: గట్టి దగ్గు, ఆగని వాంతులు, బరువు ఎత్తడం, మెడను విసురుగా తిప్పడం. బీపీ, మైగ్రేన్, ఈమధ్యే వచ్చి తగ్గిన ఇన్ఫెక్షన్, పుట్టుకతోనే నాళాల గోడ పలుచగా ఉండే కొన్ని వంశపారంపర్య జబ్బులు దీనికి తోడవుతాయి. కాన్పు తర్వాతి వారాల్లో ఆడవాళ్లకు కూడా ఇది రావచ్చు. బాలింతకు మునుపెన్నడూ లేని మెడనొప్పి, తలనొప్పి వస్తే ‘చలిగాలి తగిలింది’ అని వదిలేయకూడదు.

క్షవరం అయ్యాక మెడను రెండు వైపులా ‘టక్’మనిపించే అలవాటు గురించి ఇక్కడ చెప్పుకోవాలి. చేజర్ల నుంచి ఆత్మకూరు, ఉదయగిరి దాకా ఏ క్షవరశాలలోనైనా ఇది మామూలే. అందరికీ ఏమీ కాదు, నిజమే. కానీ మెడను హఠాత్తుగా మెలిపెట్టినప్పుడు వెర్టిబ్రల్ ధమని చీలి పక్షవాతం వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో చాలాసార్లు నమోదయ్యాయి. ఒక్క క్షణం హాయి కోసం ఆ పని చేయించుకోనవసరం లేదు.

మెడ భంగిమకూ మెదడు రక్తానికీ ఉన్న సంబంధం 2022లో హైదరాబాద్‌లో అందరి నోటా వినిపించింది. అపోలో ఆసుపత్రి న్యూరాలజిస్టు డాక్టర్ సుధీర్ కుమార్ ఒక 50 ఏళ్ల మహిళ కేసును సోషల్ మీడియాలో వివరించారు. బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకుంటుండగా ఆమెకు కళ్లు తిరిగి వాంతులయ్యాయి. మొదట కడుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మర్నాడు నడకలో తూలు కనిపించింది. ఎంఆర్‌ఐ తీస్తే చిన్నమెదడులో కుడి వైపు స్ట్రోక్ బయటపడింది. మెడ అతిగా వెనక్కి వంగడంతో వెనక ధమని మెలిక పడి ఉంటుందని ఆయన చెప్పారు. అది చీలిక అని ఆయన అనలేదు. కానీ మొదటి రోజు వాంతులను కడుపు సమస్య అనుకోవడం మాత్రం, వెనక ధమని జబ్బుల్లో ఊరూరా జరిగేదే.

గుర్తుపట్టడం

కెరోటిడ్ చీలికలో ఒక పక్క మెడ, దవడ, కంటి చుట్టూ నొప్పి ఉంటుంది. అదే పక్క కనురెప్ప కొంచెం వాలిపోతుంది, కంటిపాప చిన్నదవుతుంది. చెవిలో గుండె కొట్టుకున్నట్టు చప్పుడు వినిపించొచ్చు. వెర్టిబ్రల్ చీలికలో నొప్పి మెడ వెనక, తల వెనక వస్తుంది. ఆ తర్వాత తల తిరుగుడు, వాంతులు, గొంతు బొంగురు, మింగలేకపోవడం, ఆగని ఎక్కిళ్లు, ముఖంలో ఒక పక్క, ఒంట్లో దానికి ఎదుటి పక్క మొద్దుబారడం వంటివి వస్తాయి. మూతి వంకర పోలేదు, చెయ్యి కాలు ఆడుతున్నాయి కాబట్టి పక్షవాతం కాదని అనుకోవడం ఇక్కడే దెబ్బతీస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. నొప్పి మొదలైన వెంటనే స్ట్రోక్ రావాలని లేదు. కొన్ని గంటలకు రావచ్చు, కొన్ని రోజులకు రావచ్చు. ఎక్కువమందికి మొదటి రెండు వారాల్లో వస్తుంది. ఆ మధ్య గడువే మనిషిని కాపాడుకునే అవకాశం. ‘ఇలాంటి నొప్పి జన్మలో ఎరగను’ అని మనిషి అంటే ఆ మాటను నమ్మాలి.

ఆత్మకూరు దగ్గర అనుమసముద్రంపేట దర్గాకు తలనొప్పులు, మూర్ఛలు, వింత ప్రవర్తన ఉన్నవాళ్లను దూర ప్రాంతాల నుంచి కూడా తీసుకొస్తారు. ఎవరి నమ్మకం వాళ్లది. దుఆ ఎక్కడున్నా చేయొచ్చు, అంబులెన్సులో కూర్చుని కూడా చేయొచ్చు. హఠాత్తుగా వచ్చిన తల తిరుగుడు, మాట తడబాటు, రెప్ప వాలడం ఉన్న మనిషిని మాత్రం ముందు 108 ఎక్కించాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. చేజర్ల నుంచి పొదలకూరు మీదుగా నెల్లూరు చేరేసరికే అందులో కొంత ఖర్చయిపోతుంది. దారిలో నాలుగు చోట్ల ఆగి సెలైన్ పెట్టించుకుంటూ పోతే మిగిలేది ఉండదు. పెద్ద నాళంలో గడ్డ ఇరుక్కుంటే, స్కాన్‌లో అనుకూలంగా ఉన్నవాళ్లకు 24 గంటల దాకా కూడా ట్యూబుతో తీసే వీలుంది. కాబట్టి ఆలస్యమైందని ఇంట్లోనే ఉండిపోవడం కూడా తప్పే.

పరీక్ష సీటీ యాంజియోతో మొదలవుతుంది. ఎంఆర్‌ఐలో నాళం గోడలోని రక్తం నెలవంక ఆకారంలో మెరుస్తూ కనిపిస్తుంది. వైద్యం ఎలా చేయాలో తేల్చడానికి డీఎస్‌ఏ అనే యాంజియోగ్రామ్ చేస్తారు. మామూలు సీటీ స్కాన్ ‘నార్మల్’ వచ్చిందంటే నాళాలు బాగున్నాయని అర్థం కాదు. ఆ స్కాన్ నాళాల లోపలిని చూపించదు.

అందరికీ స్టెంట్ ఎందుకు వేయరు

కుటుంబాలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. పక్క ఊరి మనిషికి వెంటనే స్టెంట్ వేశారు, మనవాడికి బిళ్లలిచ్చి పంపారు, ఇదేం అన్యాయం అంటారు. తేడా జబ్బు ఎక్కడుందన్నదాంట్లో ఉంది.

చీలిక మెడలో ఉంటే చుట్టూ కండరాలు, కణజాలం దన్నుగా ఉంటాయి. అక్కడి ఉబ్బు చిట్లడం చాలా అరుదు. అసలు భయం గడ్డలతోనే. అందుకని రక్తం పలుచబరిచే మందులే మొదటి వైద్యం, సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు. ఆస్పిరిన్ వంటివి మేలా, వార్ఫరిన్ వంటివి మేలా అన్న ప్రశ్న మీద బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 250 మందితో చేసిన కాడిస్ అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. మూడు నెలల్లో మళ్లీ స్ట్రోక్ వచ్చింది ఒక గుంపులో 126 మందికి ముగ్గురికి, ఇంకో గుంపులో 124 మందికి ఒక్కరికి. పెద్ద తేడా తేలలేదు. 2021లో వచ్చిన ట్రీట్‌ క్యాడ్ అధ్యయనం మాత్రం ఆస్పిరిన్ అంతే సమానమని నిరూపించలేకపోయింది. అందుకే ఏ మందు ఇవ్వాలన్నది డాక్టరు రోగిని బట్టి నిర్ణయిస్తారు. ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పినంత మాత్రాన ఒకరు తప్పని కాదు.

మందులు వాడుతున్నా మళ్లీ స్ట్రోక్ వస్తుంటే, నాళం బాగా ఇరుకై మెదడుకు రక్తం చాలకపోతే, ఉబ్బు రోజురోజుకూ పెరిగి పక్క నరాలను నొక్కుతుంటే అప్పుడు మెడలో కూడా స్టెంట్ ఆలోచిస్తారు.

పుర్రె లోపలి సంగతి వేరు. అక్కడ ధమని గోడ పలుచన, బయటి పొర బలం తక్కువ, చుట్టూ నీరు తప్ప దన్ను లేదు. చిట్లితే మెదడు చుట్టూ రక్తం కమ్ముతుంది. పిడుగు పడ్డట్టు తలనొప్పి, వాంతులు, స్పృహ తప్పడం జరుగుతాయి. చిట్లినది మళ్లీ చిట్లే ప్రమాదం మొదటి 24 గంటల్లో అన్నిటికన్నా ఎక్కువ, రెండోసారి చిట్లితే బతకడం కష్టం. అందుకని అక్కడ ఆగరు. నెల్లూరులో నిలకడ చేసి, అవసరాన్ని బట్టి తిరుపతి, చెన్నై, వెల్లూరు, హైదరాబాద్ వంటి చోట్ల న్యూరో ఇంటర్వెన్షన్ ఉన్న కేంద్రానికి పంపుతారు. ‘ఒక రోజు చూసి పోదాం’ అనే మాట ఈ కేసులో పనికిరాదు.

తల కోయకుండా చేసే వైద్యం

తొడ మొదట్లో గానీ మణికట్టు దగ్గర గానీ ధమనిలోకి సన్నని ట్యూబు పంపి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ మెదడు నాళం దాకా తీసుకెళతారు. చివరికి వెళ్లే మైక్రోక్యాథెటర్ మిల్లీమీటరు కన్నా సన్నం. ఆడవాళ్ల విషయంలో తొడ దగ్గర చేయడానికి ఇంట్లోవాళ్లు సంకోచిస్తే, మణికట్టు ద్వారా వీలవుతుందా అని ముందే అడగొచ్చు. అన్ని కేసుల్లో కుదరదు, కొన్నిట్లో కుదురుతుంది. ఆడ నర్సు దగ్గర ఉండాలని కోరడం కూడా తప్పేం కాదు.

అక్కడికి వెళ్లాక చేసేది రెండు రకాలు. ఒకటి, చీలిన నాళం ముక్కనే ప్లాటినం కాయిల్స్‌తో నింపి మూసేయడం. వినడానికి భయంగా ఉంటుంది. కానీ రెండో వైపు వెర్టిబ్రల్ ధమని బలంగా ఉంటే మెదడుకు ఆ రక్తం సరిపోతుంది. చిట్లిన ఉబ్బును ఆపడానికి ఇది త్వరగా, నమ్మకంగా పనిచేసే పద్ధతి, పైగా దీనికి రెండు రకాల రక్తం పలుచబరిచే మందులు అక్కర్లేదు. చీలిన చోటు నుంచే చిన్నమెదడుకో వెన్నుపాముకో కొమ్మ బయల్దేరుతుంటే మాత్రం దాన్ని మూయలేరు. రెండో వైపు నాళం సన్నగా ఉన్నా మూయలేరు. ముందు బెలూన్‌తో కాసేపు ఆపి, మనిషి తట్టుకుంటున్నాడా లేదా అని కూడా చూస్తారు.

రెండోది, నాళాన్ని నిలబెట్టి లోపలి నుంచి మరమ్మతు చేయడం. స్టెంట్ వేసి ఉబ్బులో కాయిల్స్ నింపడం ఒక దారి. ఫ్లో డైవర్టర్ ఇంకో దారి. ఇది చాలా దగ్గర అల్లికతో ఉండే గొట్టం. 2011లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన పైప్‌లైన్ అనే రకంలో 48 సన్నని తీగలు అల్లి ఉంటాయి. పంట కాలువ గట్టు తెగిన చోట జల్లెడలాంటి తడిక అడ్డం పెడితే అసలు కాలువలో నీళ్లు పారుతూనే, గండిలోకి పోయే జోరు తగ్గి అక్కడ మెల్లగా ఒండ్రు పేరుకున్నట్టు, ఉబ్బులో రక్తం నెమ్మదించి గడ్డకడుతుంది. అల్లిక మీద కొత్త పొర పెరిగి నాళం మళ్లీ ఒక గొట్టంలా అవుతుంది.

ఇది ఆ రోజే జరిగిపోదు. కెరోటిడ్ ధమనిలోని పెద్ద ఉబ్బుల మీద చేసిన పఫ్స్ అధ్యయనంలో ఆరు నెలలకు 73.6 శాతం, ఏడాదికి 86.8 శాతం, ఐదేళ్లకు 95 శాతం పూర్తిగా మూసుకున్నాయి. అవి డిసెక్టింగ్ రకం మీద తీసిన అంకెలు కావు. మూత పడటానికి నెలలు పడుతుందని మాత్రం అవి చెబుతాయి. ఈ నెలల్లో స్టెంట్ ఒక పరాయి లోహం. దాని మీద రక్తం గడ్డకట్టకుండా ఆపేది రోజూ వేసుకునే బిళ్లలే. ఈ పద్ధతికి ఉన్న చిక్కు కూడా అదే. అప్పుడే చిట్లిన ఉబ్బు ఉన్న మనిషికి రక్తం పలుచబరిచే మందులు ఇవ్వడం రెండంచుల కత్తి. ప్రొసీజర్‌లో స్ట్రోక్, రక్తస్రావం, నాళం మూసుకుపోవడం వంటి ప్రమాదాలూ ఉన్నాయి. సంతకం పెట్టే ముందు వాటిని అడిగి తెలుసుకోవాలి.

ప్రొసీజర్ సమయంలో హెపారిన్ అనే మందు వాడతారు. అది ఎక్కువగా పంది పేగుల నుంచి తయారవుతుంది. ఈ సంగతి తెలిసి కొన్ని కుటుంబాలు ఆపరేషన్ ముందు ఆగిపోతాయి. ప్రాణం మీదికి వచ్చి, వేరే మందు దొరకని పరిస్థితిలో వాడొచ్చని ఉలమా సాధారణంగా చెబుతారు. సందేహం ఉంటే డాక్టరును ప్రత్యామ్నాయం ఉందా అని అడిగి, తెలిసిన మౌలానాకు ఒక ఫోన్ చేయాలి. వెయిటింగ్ హాల్లో వాదించుకుంటూ గంటలు పోగొట్టకూడదు.

ఖర్చు లక్షల్లో ఉంటుంది, అందులో పెద్ద వాటా లోపల పెట్టే వస్తువుదే. ఎన్టీఆర్ వైద్య సేవలో ఈ కేసుకు ఏ ప్యాకేజీ వస్తుందో, కాయిల్, స్టెంట్ ధర అందులో కలిసిందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ముందే కనుక్కోవాలి. మిగిలిన దానికి ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇంటికొచ్చాక

రక్తస్రావమైన వాళ్లకు నిమోడిపిన్ బిళ్ల నాలుగు గంటలకోసారి చొప్పున 21 రోజులు ఇస్తారు. రాత్రి నిద్ర లేపి అయినా వేయాలి. ఆ రోజుల్లో రోజా ప్రసక్తే లేదు.

స్టెంట్ లేదా ఫ్లో డైవర్టర్ పెట్టినవాళ్లకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు, ఆ తర్వాత ఆస్పిరిన్ ఒక్కటే చాలాకాలం వాడమంటారు. కొందరి ఒంట్లో క్లోపిడోగ్రెల్ సరిగా పనిచేయదు, మన దేశంలో అలాంటివాళ్లు తక్కువేం కాదు. అందుకని కొన్ని కేంద్రాల్లో రక్త పరీక్ష చేసి టికాగ్రెలార్ వంటి వేరే మందుకు మారుస్తారు. గ్యాస్ బిళ్ల కూడా డాక్టరు రాసిందే వేయాలి. ఒమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ బలాన్ని తగ్గిస్తుంది.

మందు ఆపేయడం వల్ల వచ్చే కష్టం ఎక్కువ. చిగుళ్లలో కాస్త రక్తం కనిపించిందని, ఒంటి మీద కమిలిన మచ్చలు వచ్చాయని, పన్ను పీకించుకోవాలని, డబ్బుల్లేవని రెండు మూడు రోజులు ఆపుతారు. ఆ రోజుల్లోనే స్టెంట్ గడ్డకట్టి మూసుకుపోవచ్చు. పన్ను డాక్టరు ఆపమన్నా సరే, స్టెంట్ వేసిన డాక్టరును అడగకుండా ఆపకూడదు. మామూలుగా ఒక పన్ను తీయడానికి ఆపనవసరం కూడా రాదు. హెర్నియా వంటి తొందరలేని ఆపరేషన్లను రెండు మందుల గడువు దాటేదాకా వాయిదా వేస్తారు. నల్లటి విరేచనం, ఆగని ముక్కు రక్తం, కొత్తగా భరించలేని తలనొప్పి వస్తే ఫోన్‌లో సలహా కోసం చూడకుండా ఆసుపత్రికి పోవాలి.

ఒళ్లునొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే డైక్లోఫెనాక్ సూది ఈ మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావానికి దారితీస్తుంది, సూది వేసిన చోట కండలో రక్తం గడ్డకడుతుంది. హిజామా సంగతీ అంతే. రెండు రకాల మందులు వాడే మనిషికి గాట్లు పెడితే రక్తం తొందరగా ఆగదు. మెడ మీద అయితే అసలే వద్దు. హకీం దగ్గరికి వెళితే మందుల చీటీ చూపించాలి.

రంజాన్ వస్తే ప్రశ్నలు మొదలవుతాయి. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ రోజుకు ఒకసారివే, ఇఫ్తార్ తర్వాత వేసుకోవచ్చు. టికాగ్రెలార్ రెండు పూటలు, అది సహరీకి, ఇఫ్తార్‌కు సర్దుకుంటుంది. సమస్య బిళ్లల వేళ కాదు, దాహం. నెల్లూరు ఎండల్లో ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, కొత్త స్టెంట్‌కు అది మంచిది కాదు. తొలి నెలల్లో రోజా వాయిదా వేసుకోమని డాక్టరు అంటే వినాలి. జబ్బుపడినవాళ్లు వేరే రోజుల్లో పూర్తి చేసుకోవచ్చన్న వెసులుబాటు ఖురాన్‌లోనే, అల్ బఖరా 184, 185 ఆయతుల్లో ఉంది. తల తిరుగుడు, తూలు ఉన్నవాళ్లు సజ్దాకు వంగి పడిపోకుండా కుర్చీలో కూర్చుని నమాజు చదువుకోవచ్చు. సలాం తిప్పేటప్పుడు మెడను మెల్లగా తిప్పితే చాలు.

పొగాకు ఏ రూపంలో ఉన్నా మానాలి. బీపీ ఇంట్లో చూసుకుని రాసిపెట్టుకోవాలి. తల మీద బస్తాలు మోయడం, మెడ మెలిపెట్టే కసరత్తులు, క్షవరశాలలో మెడ విరుపు ఇక ఉండకూడదు.

చెకప్ స్కాన్ సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య మొదటిది, ఏడాదికి రెండోది, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు. బిళ్లలతో మాత్రమే వైద్యం జరిగినవాళ్లకూ ఇది కావాలి. చాలామందిలో ఇరుకైన నాళం మూడు నుంచి ఆరు నెలల్లో తెరుచుకుంటుంది. తెరుచుకుందో లేదో స్కాన్ లేకుండా చెప్పలేరు, మందు తగ్గించాలన్నా అదే ఆధారం. స్టెంట్ ఉన్నవాళ్లలో లోపల దారి ఇరుకవడం, కాయిల్ నింపిన ఉబ్బు మళ్లీ తెరుచుకోవడం నొప్పి లేకుండానే జరగొచ్చు. ‘బాగానే ఉన్నాడు కదా, చెన్నై దాకా ఎందుకు’ అనుకుని ఆ ప్రయాణం మానేసేవాళ్లు ఉంటారు. చార్జీలు, ఒక రోజు కూలి పోతాయన్నది నిజమే. అక్కడికి వెళ్లలేకపోతే నెల్లూరులోనే సీటీ యాంజియో లేదా ఎంఆర్‌ఏ తీయించి, సీడీ పంపి అభిప్రాయం తీసుకోవచ్చా అని డిశ్చార్జి రోజే అడగాలి. యాంజియో రంగు మందుకు ముందు కిడ్నీ పరీక్ష చేయించాలి, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ మాట చెప్పాలి. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి చీలిక వచ్చి ఉంటే అదీ చెప్పాలి, అప్పుడు వంశపారంపర్య జబ్బుల కోసం చూస్తారు.

డిశ్చార్జి రోజు లోపల పెట్టిన వస్తువు పేరు, సైజు ఉన్న ఇంప్లాంట్ కార్డు అడిగి తీసుకోవాలి. ఇప్పటి కాయిల్స్, స్టెంట్లతో ఎంఆర్‌ఐ తీయొచ్చు గానీ, ఏ మెషిన్‌లో ఎలా తీయాలన్నది ఆ కార్డు చూసే నిర్ణయిస్తారు. కువైట్, సౌదీ తిరిగి వెళ్లే వాళ్లు కార్డు, డిశ్చార్జి సమ్మరీ, యాంజియో సీడీ మూడింటినీ ఫోన్‌లో ఫోటో తీసి ఇంట్లో ఒకరి దగ్గర కూడా ఉంచాలి. చీటీ మీద మందు కంపెనీ పేరుతో పాటు అసలు పేరు కూడా రాయించుకోవాలి. ఇక్కడి బ్రాండ్ అక్కడ దొరకదు, క్లోపిడోగ్రెల్ అని రాసి ఉంటే అక్కడి ఫార్మసీలో చూపించి తీసుకోవచ్చు.